చాట పక్కన పెట్టిన రోజు

మొన్న ఎండాకాలం సెలవుల్లో కోరుట్లలోని మా అత్తగారింటికి పోయినప్పుడు వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతున్న చాటను చూశాను. ఒకప్పుడు అది గోడకు ఉండే వస్తువు కాదు, మా అత్తమ్మ ఒళ్లో ఉండేది. పొద్దున చాయ తాగి కూర్చున్నప్పుడు ఒళ్లోకి వచ్చిందంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే దిగేది. ఇప్పుడు అందులో ఎల్లిపాయలు ఆరబోసుకుంటున్నదట. దించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎన్నిసార్లు కడిగిందో ఏమో కానీ వెదురు సందుల్లో తంబాకు వాసన ఇంకా అట్లాగే ఉంది. కుడివైపు అంచు మీద ఆమె మణికట్టు ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోటు నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది.

నా బిడ్డ అక్షిత అక్కడే గడప మీద కూర్చొని మామిడికాయ ముక్కలు కారంలో అద్దుకొని తింటోంది. అక్షితకు పుట్టుకతోనే వినపడదు. ఇప్పుడు హాస్టల్ ఉన్న బడిలో ఆరో తరగతి చదువుతోంది, సెలవులకు వచ్చింది. చాటను చూసి దానికి ఏమన్నా గుర్తొచ్చిందేమో అని ముఖం వంక చూశాను. కారం మంటకు నాలుక చాపి గాలి పీల్చుకుంటోంది, అంతే. అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. ఆ చాట చుట్టూ జరిగిన సంగతి నాటికి దానికి ఐదేళ్లు. గుర్తుందా, ఉంటే ఏమని గుర్తుంది, మేం చెప్పింది చెప్పినట్టుగా లోపలికి పోయిందా లేక ఇంకేదో అయి లోపల ఉండిపోయిందా అన్న దిగులు నాకు ఇప్పటికీ తీరలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాయడానికి కూర్చున్నది అందుకే.

నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచెల మధ్య. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము. వాటి చప్పుడులో తిన్నాం, చదువుకున్నాం, కొట్లాడుకున్నాం. కరెంటు పోతేనే మాకు చెవులు గుయ్యిమనేవి. మా బాపుకు నెమ్మదిగా మాట్లాడటం తెలియదు. నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌కు వచ్చి "సరితా, బాగున్నవా బిడ్డా?" అంటే వరండాలో ఉన్న ఆడపిల్లలందరూ "బాగున్నం బాపూ" అని జవాబు చెప్పేవాళ్లు. తొలి కాన్పుకు ఆ ఇంటికే పోయాను. అక్షిత పుట్టాక అక్కడే చాలా నెలలు ఉన్నాను. గోడకు ఇవతల ఉయ్యాల, గోడకు అవతల సాంచెలు. పిల్ల హాయిగా నిద్రపోయేది. మా అమ్మ చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకొని మురిసిపోయేది. "సూడుండ్రి, సాంచెలు గింత మొత్తుకుంటున్నా మా మనుమరాలు కన్ను దెరువది. సిరిసిల్ల బిడ్డ గదా!" అని. ఊళ్లో ఏ ఇంట్లోనైనా పిల్లలు అట్లాగే నిద్రపోతారు కాబట్టి ఎవరికీ ఏ అనుమానం రాలేదు. కొంచెం కదిలితే చాలు లేచి చూసుకునే నాకు కూడా రాలేదు.

కోరుట్లలో అత్తగారిల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. పిల్లను తీసుకొని అక్కడికి వచ్చిన కొత్తలో ఒక రోజు అత్తమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. నేను ఉలిక్కిపడి లేచాను. పెరట్లో ఉన్న మామ "ఏమైందే?" అని లోపలికి వచ్చాడు. బిందెకు రెండు మూరల దూరంలో బోర్లా పడుకొని ఆడుకుంటున్న పిల్ల తల కూడా తిప్పలేదు. అత్తమ్మ నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. ఆమె బిందెను మళ్లీ ఎత్తి ఈసారి కావాలనే పడేసింది.

తర్వాత పరీక్షలు, కరీంనగర్‌కు, హైదరాబాదుకు తిరగడాలు, చెవి వెనక పెట్టే మెషిన్. మెషిన్‌తో ఏదో చప్పుడు తెలిసేది కానీ అందులోంచి మాట విడిపడేది కాదు. "చేతులతో చెప్పడం అలవాటు చేస్తే ఇక నోటి మాట రాదు" అని ఒకరు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకొని రెండేళ్లు నా చేతులు కట్టేసుకున్నాను. పిల్ల చేతిని నా గొంతు మీద పెట్టుకొని "అమ్మ, అమ్మ" అనేదాన్ని. అది నా పెదవుల వంక కాకుండా నా కనుబొమ్మల వంక చూసేది. మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడల్లా సాంచెల దగ్గర పక్క మనిషికి చెప్పినట్టే దాని చెవికి నోరు ఆనించి గట్టిగా అరిచేవాడు. ఊపిరి తగిలి చక్కిలిగింత పుట్టి అది పకపకా నవ్వేది. "అగో, ఇన్నది! నవ్వుతున్నదా లేదా? మాయి గూడ మొద్దువారిన చెవులే, మేం ఇంటలేమా?" అని బాపు కళ్లు తుడుచుకునేవాడు.

మా ఆయన రమేశ్ మస్కట్‌లో పనిచేస్తాడు. నేను అప్పట్లో అత్తగారింట్లోనే ఉండి, కోరుట్లలోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అందుకని పగలంతా అక్షిత వాళ్ల బాపమ్మతో, తాతతో ఉండేది. మా అత్తమ్మ పేరు నర్సవ్వ, బీడీలు చేసేది. పొద్దున్నే నానబెట్టిన తునికాకును తడి గోనెసంచిలో చుట్టి పెట్టేది. ఆ పచ్చి వాసన, తంబాకు ఘాటు, మామ పొలం నుంచి తెచ్చిన పసుపు కొమ్ముల వాసన మూడూ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. నా చీరలకు కూడా అదే పట్టి, బడిలో పిల్లలు "టీచర్ దగ్గర పసుపు వాసన" అనేవాళ్లు. ఆకును కొలత పెట్టి కత్తిరించుకొని, ఒళ్లో చాట పెట్టుకొని కూర్చున్నదంటే అత్తమ్మ వేళ్లు ఇక ఆగవు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, బొటనవేలి గోటితో మూతి మడిచి చాటలో పడేసే లోపే ఎడమచెయ్యి ఇంకో ఆకును అందుకునేది. పక్కింటి పోశవ్వ కూడా తన చాట తెచ్చుకొని ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ చేతుల వంక చూడకుండానే ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్లు. చేతులు పనిలో, నోరు మాటలో. బీడీలు చేసే ఆడవాళ్ల జీవితమంతా ఈ ఏర్పాటు మీదే నడుస్తుంది. మా అక్షితతో ఆ ఏర్పాటు కుదరలేదు.

అయితే అత్తమ్మ దానితో అస్సలు మాట్లాడేది కాదని కాదు. గడ్డం ఎగరేస్తే ఇటు రా అని. గడ్డం వంటింటి వైపు తిప్పితే అన్నం తిను అని. కనుబొమ్మలు ముడిస్తే ఆ పని చేయకు అని. మరీ అవసరమైతే మోచేత్తో పొడిచేది, కాలి బొటనవేలితో గీరేది. చేతులు మాత్రం ఖాళీ లేవు. అంతకంటే ఎక్కువ చెప్పవలసినవి, ఎందుకు, ఎప్పుడు, ఎక్కడికి లాంటివి, ఆ గడ్డానికి అందేవి కావు. పిల్ల కూడా మెల్లమెల్లగా అడగడం మానేసింది. నాకు అన్నింటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే.

మామ వేరే మనిషి. ఎప్పుడూ చెవి మీద ఒక బీడీ దోపుకొని ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరుగు మీద వెల్లకిలా పడుకొని మనుమరాలిని గుండె మీద బోర్లా వేసుకునేవాడు. అట్లాగే పడుకొని దానికి పొలం సంగతులు, బర్రె సంగతులు, ఎలక్షన్ల సంగతులు చెప్పేవాడు. "దానికి ఇనవడదు గదయ్యా, ఎవలికి జెప్తున్నవు?" అని పోశవ్వ ఎగతాళి చేస్తే, "గుండెకు చెంప వెట్టి పండుకున్నది సూడు, అన్ని ఇంటున్నది" అనేవాడు. మామ మాట్లాడినంతసేపూ అది కళ్లు మూసుకొని కదలకుండా ఉండేది. ఆపితే తల ఎత్తి ఆయన గడ్డం మీద తట్టేది.

ఒక రోజు మధ్యాహ్నం నేను బడిలో ఉండగా మామకు గుండెపోటు వచ్చింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఇంటినిండా జనం. పిల్లను పోశవ్వ ఇంట్లో ఉంచమన్నాను కానీ అది కిటికీ పట్టుకొని అంతా చూసిందని తర్వాత తెలిసింది. డప్పులు కొడుతుంటే తన గుండె మీద చెయ్యి పెట్టుకొని నిలబడిందట. రమేశ్ మస్కట్ నుంచి వచ్చాడు, ధర్మపురి పోయి గోదావరిలో అస్థికలు కలిపాడు, దినాలు అయిపోగానే తిరిగి పోయాడు. ఆయన కారు ఎక్కుతుంటే అత్తమ్మ గుమ్మం దగ్గర ఏడ్చింది, నేను ఏడ్చాను, పోశవ్వ ఏడ్చింది. కొద్ది రోజుల తేడాతో ఆ ఇంట్లోంచి ఇద్దరు మగవాళ్లు అదే గుమ్మంలోంచి అదే ఏడుపుల మధ్య బయటికి పోయారు.

రెండు రోజులకు రమేశ్ వీడియో కాల్ చేశాడు. అక్షిత నాన్నను చూసి ఎగిరింది, ఫోన్‌కు ముద్దులు పెట్టింది. కాల్ అయిపోయాక ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చి రెండు వేళ్లు చెవి మీద పెట్టుకుంది. మామ బీడీ దోపుకునే చోట. తర్వాత ఫోన్ చూపించింది. తాతను పెట్టు అని.

అత్తమ్మ చాట మీదికి తల వంచుకుంది, చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. పోశవ్వ గొణిగింది, "అయ్యో నా తల్లి, ఏడ్సుకుంట పోయినోళ్లంత దుబాయికే పోయిండ్రనుకుంటున్నది గదనే" అని. గల్ఫ్‌లో ఏ దేశమైనా మా దగ్గర దుబాయే. మా వీధిలో పెరిగే ఏ పిల్లయినా అట్లాగే అనుకుంటుంది. ప్రతి ఇంట్లోంచి ఎవరో ఒకరు ఏడిపించి పోతారు, తర్వాత ఫోన్‌లో నవ్వుతూ కనపడతారు. చెవులున్న పిల్లలకు పెద్దల మాటలు వింటూ వింటూ ఆ రెండు పోవడాలకూ ఉన్న తేడా తెలుస్తుంది. దీనికి ఎవరు చెప్పాలి? నేను తల అడ్డంగా ఊపాను. అది ఇప్పుడు కాదని అనుకుంది. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అడగడం మానేసి, రమేశ్ కాల్ వచ్చినప్పుడు ఫోన్ అంచు వెనక్కి తొంగి చూడటం మొదలుపెట్టింది.

ఇక నేను ఎవరి మాటా వినదలచుకోలేదు. జగిత్యాలలో ఆదివారాలు ఒక బడి గదిలో, వినపడని పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ కలిపి సైగల భాష నేర్పుతున్నారని తెలిసి, పిల్లను తీసుకొని బస్సెక్కాను. నేర్పే స్వప్న మేడంకు కూడా వినపడదు, నాకంటే చిన్నది. మొదటి రోజే బోర్డు మీద రాసింది, "గొంతులు బయట చెప్పుల దగ్గర వదిలి రండి" అని. మేం పదిమందిమి పెద్దవాళ్లం నోళ్లు మూసుకొని పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకొని కూర్చున్నాం. మల్లాపూర్ నుంచి రాజన్న అనే రైతు కొడుకును తీసుకొని వచ్చేవాడు. చేతులు మోటుగా, వేళ్లు వంగేవి కావు. ఆయన ఏ సైగ చేసినా నాట్లు వేస్తున్నట్టే ఉండేది. కొడుకు తండ్రి వేళ్లను ఒక్కొక్కటే పట్టి వంచేవాడు. బయటికి రాగానే రాజన్న ఊపిరి పీల్చుకొని, "అమ్మా, గంటసేపు మాట్లాడకుంట కూసునుడు నా పెండ్లినాడు గూడ కాలేదు" అనేవాడు. బస్సులో నేనూ అక్షితా నేర్చుకున్నది తప్పుల తడకగా ఆడించుకుంటుంటే కండక్టర్ "ఏం లొల్లి? కూసొని మాట్లాడుకోండ్రి" అని గదమాయించాడు.

పిల్లలు మాకంటే ముందు పరుగెత్తారు. వారం క్రితం చేతులు ముడుచుకొని కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తున్నారు. ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుందని మేడం చెప్పి, ఇంట్లోవాళ్లకు పేర్లు పెట్టమన్నది. అక్షిత దగ్గర అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తాతకు చెవి మీద రెండు వేళ్లు. నాన్నకు ముఖం ముందు ఫోన్‌లా అరచెయ్యి. బాపమ్మకు బొటనవేలితో మిగతా వేళ్లను రుద్దడం, బీడీ చుట్టినట్టు. నాకు? చూపుడువేలు రెండు కనుబొమ్మల మధ్య పెట్టి గట్టిగా నొక్కింది. గదిలో అందరూ నా నుదురు చూసి నవ్వారు. మేడం నన్ను పక్కకు పిలిచి కాగితం మీద రాసి చూపించింది, "మా భాషలో సగం ముఖంలోనే ఉంటుంది. మీరు అన్నం తిను అన్నా, రిబ్బన్ బాగుంది అన్నా మీ ముఖం ఏదో చెడు జరిగిందని చెబుతోంది." ఆ రాత్రి అద్దం ముందు నిలబడి అన్నం తిను, అన్నం తిను అని నవ్వు ముఖంతో చేసి చూసుకున్నాను. అదీ భయంగానే ఉంది.

అత్తమ్మను కూడా రమ్మని అడిగాను. "నేర్సుకుంటె వద్దన్ననా బిడ్డా? నా చేతులు ఖాళీ ఉన్నయా? మీకైతె నోటితోని చెప్పుకుంట పని చేసుకుంట. గీ పోరికి ఒక్క మాట జెప్పాల్నంటె పని ఆపాలె. ఎన్నిసార్లు ఆపుతరు?" అన్నది. కోపంగా అనలేదు. నిజమే చెప్పింది. కానీ మేం ఇంటికి వచ్చి నేర్చుకున్నది ఆడించుకుంటుంటే చాట మీదినుంచి కళ్లు మాత్రం ఎత్తి చూసేది.

ఒక ఆదివారం మేడం సంతోషం, భయం, కోపం లాంటివి నేర్పింది. వేళ్లు వంకర చేసి ముఖం ముందు పట్టి, ముఖాన్ని కూడా అట్లాగే చేస్తే కోపం. మీ ఇంట్లో ఎవరికి కోపం ఎక్కువో చెప్పమంటే రాజన్న కొడుకు లేచి తండ్రిని చూపించాడు. అందరం నవ్వాం. అక్షిత లేచింది. చెవి మీద రెండు వేళ్లు. ముఖం ముందు వంకర వేళ్లు. తర్వాత తన గుండె మీద వేలు. తాతకు నా మీద కోపం.

మేడం ఎందుకని అడిగింది. అది చేతులతో అగ్గిపెట్టె చేసి చూపించింది, దాన్ని నీళ్ల బకెట్‌లో పడేసింది, తాత వేలు చూపించి బెదిరించినట్టు బెదిరించింది. తర్వాత ఫోన్. నాన్న వస్తాడు. తాత రాడు. కోపం. అప్పుడు నాకు అర్థమైంది. మామ పోయిన రోజు పొద్దున ఆయన అగ్గిపెట్టెను నీళ్లలో వేసింది. అది వాళ్లిద్దరికీ రోజూ ఉండే ఆటే, ఆయన ముందు ఉత్తుత్తి కోపం చూపించి తర్వాత నవ్వేవాడు. కానీ ఆ రోజు ఆటలోని కోపం తర్వాతి నవ్వు అందకుండానే అది బువ్వ తిని నిద్రపోయింది. లేచేసరికి తాత లేడు. ఇన్ని నెలలుగా ఈ పిల్ల తాత తన మీద అలిగి ఫోన్‌లోకి రావడం లేదని అనుకుంటూ తిరుగుతోంది. చెప్పడానికి ఒక సైగ దొరికేదాకా ఎవరికీ చెప్పలేకపోయింది. మేడం నన్ను చూసి, చనిపోవడానికి ఉన్న సైగ నేర్పింది. చిన్న సైగ. "ఇంట్లో చెప్పండి, ఆయన మనుషుల మధ్య" అని రాసింది.

ఇంటికి రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. తాత అన్నాను. చనిపోయాడు అన్నాను. రాడు అన్నాను. కోపం లేదు అన్నాను. అది నా ముఖం వంక చూసింది, లేచి వచ్చి వేలితో నా కనుబొమ్మల మధ్య ముడతను నిమిరి, ఆడుకోవడానికి పోయింది. మళ్లీ పిలిచాను, మళ్లీ చెప్పాను. మళ్లీ అదే. దానికి తప్పు పట్టడానికి లేదు. అన్నం తినమన్నప్పుడూ స్నానానికి రమ్మన్నప్పుడూ నా ముఖం ఇట్లాగే ఉండేది. నిజంగా చెడ్డ కబురు చెప్పవలసి వచ్చిన రోజున నా దగ్గర దానికి వేరే ముఖం మిగల్లేదు.

అరుగు మీద మంచం పక్కన అత్తమ్మ, పోశవ్వ బీడీలు చేస్తూ ఇదంతా చూస్తున్నారు. "ఏమంటున్నదే పోరి? గంటనుంచి దాని ఎంబడి వడ్డవు" అన్నది అత్తమ్మ. చెప్పాను. ఆమె వేళ్లు ఆకు మీద ఆగిపోయాయి.

"ఏంది? నా మొగడు దాని మీద కోపం వెట్టుకొని పోయిండంటున్నదా?"

"అవునత్తమ్మా."

"గా మనిషా? దాని మీదనా?"

చేతిలో సగం చుట్టిన బీడీని చాటలో వదిలేసింది. కత్తెరను చాటలో పెట్టింది. తడి గుడ్డ తీసి పైన కప్పింది. చాటను ఒళ్లోంచి ఎత్తి మంచం కిందికి నెట్టింది. రెండు అరచేతులనూ మోకాళ్ల మీద చీరకు మెల్లగా తుడుచుకుంది. చుట్టాలు వచ్చినా, కరెంటు బిల్లు మనిషి వచ్చినా, నా పురిటినొప్పుల సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు కూడా మామ పోయిన రోజు తప్ప ఆమె పనివేళ మధ్యలో చాట దించలేదని పోశవ్వ ఇప్పటికీ చెబుతుంది. "నర్సవ్వా, ఆకు ఆరుతదే" అన్నది పోశవ్వ.

"ఆరనీయే" అన్నది అత్తమ్మ.

గడ్డం ఎగరేసి పిలవలేదు. చెయ్యి చాపి పిలిచింది. అక్షిత ఆ చేతిని వింతగా చూస్తూ వచ్చింది. అత్తమ్మ చెవి మీద రెండు వేళ్లు పెట్టగానే అది పరుగెత్తి ఫోన్ తెచ్చింది. అత్తమ్మ ఫోన్ తీసుకొని బండ మీద బోర్లా పెట్టింది. దీంట్లో కాదు అని చెయ్యి ఆడించింది. తర్వాత పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పగటిపూట ఆ ఒడి ఎప్పుడూ చాటదే. అది మొదట ఎట్లా కూర్చోవాలో తెలియక బిగుసుకుంది. అత్తమ్మ దాని చెంపను తన గుండెకు ఆనించుకొని, వీపు మీద అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది, లోపల కొట్టుకుంటున్నట్టే. మళ్లీ చెవి మీద రెండు వేళ్లు. తాత. మళ్లీ వీపు మీద తట్టడం. అది తల ఊపింది. ఆ చప్పుడు దానికి తెలుసు, అరుగు మీద ఎన్ని మధ్యాహ్నాలు దాని మీద పడుకుందో. అత్తమ్మ తట్టడం నెమ్మది చేసింది. ఇంకా నెమ్మది చేసింది. ఒకసారి తట్టి చెయ్యి గాలిలో ఆపేసింది.

పిల్ల తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకాసేపు చూసింది. తల ఎత్తి బాపమ్మ ముఖం చూసింది. ఆ ముఖాన్ని అది ఎన్నడూ అట్లా ఎదురుగా, పూర్తిగా చూసి ఉండదు. చాట మీదికి వంగిన నుదురే దానికి తెలుసు. మామ పోయిన నాటి నుంచి అత్తమ్మ మా ఎవరి ముందూ సరిగ్గా ఏడవలేదు. ఇప్పుడు తల వంచుకోకుండా, చెంగు అడ్డం పెట్టుకోకుండా, పిల్ల చూస్తుండగా ఏడ్చింది. అది ఆమె చెంప మీద చెయ్యి పెట్టింది. వేళ్లు తడిశాయి. ఆ వేళ్లను చూసుకొని దాని కింది పెదవి వణికింది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఏడ్చి, ముక్కు తుడుచుకొని, అత్తమ్మ ఇంకో మాట చెప్పింది. నేను చేసినదాన్ని చాట మీదినుంచి చూసి పట్టుకున్న కోపం సైగ. ఆమె వేళ్లలో అది బీడీ పట్టుకున్నట్టే వచ్చింది. కోపం కాదు, కాదు, కాదు అని చెయ్యి ఆడించింది. అగ్గిపెట్టె, నీళ్ల బకెట్, ఆ తర్వాత మామ నవ్వు. పొట్ట పట్టుకొని, పక్కకు ఒరిగి, దగ్గు వచ్చేదాకా నవ్వే నవ్వు. కన్నీళ్లు కారుతుండగానే ఆ నవ్వు అచ్చం నవ్వి చూపించింది. అక్షిత రెప్ప వేయకుండా చూసింది. మళ్లీ చేయమన్నది. మళ్లీ చేసింది.

సాయంత్రం రమేశ్ కాల్ చేశాడు. తలమీద హెల్మెట్, వెనకాల ఇసుక. అక్షిత ముద్దులు పెట్టలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకొని, ఆయనను కూడా పెట్టుకోమన్నది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. పెట్టుకున్నాడు. "ఏందే ఇది, కొత్త సైగనా?" అని నన్ను అడిగాడు. "కొట్టుకుంటున్నదా అని అడుగుతుంది, చెప్పు" అన్నాను. అప్పుడు మేం నేర్పకుండానే అరచేత్తో గుండె మీద తట్టి చూపించాడు. అది లెక్క తప్పకుండా చూస్తూ కూర్చుంది. ఫోన్ అంచు వెనక్కి తొంగి చూడటం ఆ రోజుతో మానేసింది. అత్తమ్మ ఆకు మాత్రం ఎండి పెళుసెక్కింది, మర్నాడు పొయ్యిలోకి పోయింది.

అప్పటితో పోల్చి చూసుకుంటే ఇప్పుడు చాలా మారాయి. అత్తమ్మ దమ్ము రోగంతో ఆయాసం ఎక్కువై బీడీలు చేయడం మానేసింది. వారానికి ఒక్క మాట అన్నట్టు నేర్చుకుంటూ పోయి, చేతులు ఖాళీ అయ్యాక ఒక్కసారి పొంగింది. ఆమె సైగలన్నిట్లో చిటికెన వేలు వంకరగా ఉంటుంది, ప్రతి మాటా చుట్టి మూతి మడిచి పడేసినట్టు ఉంటుంది. హాస్టల్ నుంచి వచ్చిన అక్షిత "బాపమ్మ ఎక్కువ మాట్లాడుతుంది, నాకు నిద్ర వస్తుంది" అని నాకు ఫిర్యాదు చేస్తుంది. మా బాపు ఇప్పటికీ దాని చెవిలో అరుస్తాడు. అది ఇప్పటికీ నవ్వుతుంది, తర్వాత చేతులతో తాతయ్యకు బదులు చెబుతుంది. రమేశ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకొని ఇంకో చేత్తో సగం సగం మాటలు చెబుతాడు. హాస్టల్లో నేర్చుకున్న కొత్త సైగలు అది గబగబా చేస్తుంటే నాకు సగం అందవు, మళ్లీ చెప్పమంటాను. ఒకనాటికి అసలే అందకుండా పోతుందేమో అని ఇప్పుడు నా భయం. నా సైగ పేరు ఇంకా మారలేదు.

మొన్న నేను చాటను కింద పెట్టి వంటింట్లోకి పోయాను. అన్నం వడ్డించి వచ్చేసరికి అక్షిత అరుగు మీద కూర్చొని ఉంది, ఒళ్లో ఖాళీ చాట. లేని ఆకులో లేని తంబాకు పోసి గబగబా చుట్టేస్తోంది. ఎదురుగా అత్తమ్మ నిలబడి చేతులతో పిలుస్తోంది, అన్నం చల్లారుతుంది రమ్మని. అది చేతులు ఆపకుండా గడ్డం వంటింటి వైపు తిప్పింది, నువ్వు తిను అని. కనుబొమ్మలు ముడిచింది, నా చేతులు ఖాళీ లేవు చూడు అని. అచ్చం ఒకప్పటి నర్సవ్వే. "అవ్వో, దీని పాడుగాను! నన్నే యాక్షన్ జేస్తున్నదే సరితా" అని అత్తమ్మ పొట్ట పట్టుకొని, మామ నవ్వినట్టే, దగ్గు వచ్చేదాకా నవ్వింది. దగ్గు ఎక్కువై అరుగు అంచున కూలబడి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

అక్షిత చేతులు ఆగాయి. లేని కత్తెరను తీసి చాటలో పెట్టింది. లేని తడి గుడ్డను పైన కప్పింది. చాటను ఒళ్లోంచి ఎత్తి మంచం కిందికి నెట్టింది. రెండు అరచేతులనూ మోకాళ్ల మీద మెల్లగా తుడుచుకుంది. తర్వాత జరిగి బాపమ్మ గుండెకు చెంప ఆనించి, కళ్లు మూసుకొని, చాలాసేపు అట్లాగే ఉంది. తల ఎత్తి నా వంక చూసి చేత్తో తట్టి చూపించింది. బాగానే ఉంది, కొట్టుకుంటోంది, నువ్వు ముఖం అట్లా పెట్టకు అని.